అద్దం పట్టుకున్న అమ్మాయి

నవంబర్ 4

అత్తా,

ముందు నన్ను తిట్టాల్సినవన్నీ తిట్టేసి, మంచినీళ్ళు తాగి, అప్పుడు చదువు. దిగిన రోజే ఉత్తరం రాస్తానని మాటిచ్చి ఇవాళ రాస్తున్నాను. తప్పు నాది కాదు, ఈ ఊరిది. కాలు బయట పెడితే మళ్ళీ గదికి రాబుద్ధి కాదు.

గది అంటే గదీ కాదులే. కింద సైకిళ్ళు బాగుచేసే కొట్టు, పైన మేము. ఒకదాని మీద ఒకటి ఇనప మంచాలు. నాది పైమంచం, లేచి కూర్చుంటే నెత్తి దూలానికి కొట్టుకుంటుంది. ఓనరమ్మ వేడినీళ్ళ కుళాయికి తాళం వేసి, చెవి మెళ్ళో వేసుకుని తిరుగుతుంది. పక్కమంచం పిల్లా నేనూ కలిసి ఆవిడకి జైలరమ్మ అని పేరు పెట్టాం. ఇంతకన్నా చవక బస ఈ ఊళ్ళో లేదు, స్టేషన్లో బెంచీ తప్ప.

జనవరిలో మన ఊరి ఆస్పత్రిలో డ్యూటీకి చేరేలోపు చూడాల్సినవన్నీ చూసేయాలి, చేతిలో ఉన్నదాంతోనే లాగాలి. అందుకని ఉపాయాలు కనిపెట్టాను. బురుజు ఎక్కాలంటే టిక్కెట్టు. పక్కనే కూలిన ప్రహరీగోడ ఎక్కితే అదే ఊరు ఊరికే కనిపిస్తుంది. మధ్యాహ్నం బన్నూ, ఉడికించిన గుడ్డూ. ఎక్కడికైనా నడకే. సందులు ఎంత ఇరుకంటే, ఎదురుగా మనిషొస్తే ఒకళ్ళు ఎవరింటి గుమ్మంలోకైనా ఎక్కి దారివ్వాలి. అలా ఎక్కినప్పుడల్లా లోపలివాళ్ళు "ఎవరు కావాలమ్మా?" అంటారు. "ఎవరూ వద్దండీ" అని దిగిపోతాను.

అసలు సంగతికొస్తా. నిన్న ఆదివారం, బొమ్మల మహల్లోకి టిక్కెట్టు లేదు. పైగా ఒక పెద్దాయన దగ్గరుండి అన్నీ చెప్తారు. తెల్లటి జుట్టు, చేతికర్ర, మాట తేనె. అందరూ మాస్టారూ మాస్టారూ అంటూ ఆయన వెంట పడుతున్నారు. కిటికీ పక్క గోడ దగ్గర ఆగి, "ఇదే మా ఊరి ప్రాణం" అన్నారు. అద్దం పట్టుకుని పక్కకి చూస్తున్న అమ్మాయి బొమ్మ. వందల ఏళ్ళనాటిదట. ఎప్పుడో పనివాళ్ళలో ఒకరి అజాగ్రత్తవల్ల, మసి తీసే మందు ఘాటెక్కువై ఆ గోడ కాలిపోయిందట. ఇక పోయిందని అందరూ వదిలేస్తే, మాస్టారు ఒక్కరే నెలల తరబడి కూర్చుని, పాడైన పొర తీసి కింద బతికున్న మొహాన్ని బయటికి తెచ్చారట.

అత్తా, ఆ మొహం నీదే!

నవ్వకు. నీ పెట్టె అడుగున ఫొటో ఉంది చూడు, రెండు జడలతో, పరంజా మీద కూర్చుని. అచ్చం అదే. ఎడమ కనుబొమ్మ మధ్యలో ఆ గాటుతో సహా. నాన్న రైలెక్కిస్తూ గొణిగాడు, "మీ అత్త ఒకప్పుడు అక్కడ పనిచేసిందిలే, నేను చెప్పానని చెప్పకు" అని. చెప్పేశాను. ఇన్నేళ్ళూ నువ్వెందుకు చెప్పలేదు?

ఆ బొమ్మ కార్డులు ప్రతి కొట్టులోనూ అమ్ముతున్నారు. ఒకటి పంపుతున్నా, చూసుకో.

నీ పిడుగు

నవంబర్ 8

పిడుగూ,

ఉత్తరం, కార్డూ అందాయి. నువ్వు బాగున్నావు, అది చాలు. గుడ్లు మరీ ఎక్కువ తినకు, వేడి చేస్తుంది. గోడలెక్కడం మానెయ్యి. కాలు విరిగితే ఆస్పత్రిలో నర్సుగా కాదు, పేషెంటుగా చేరతావు.

ఇక్కడ కొత్తేమీ లేదు. పళ్ళ డాక్టరు బోర్డు మూడోసారి మార్పించాడు. ముందు పన్ను బొమ్మ చిన్నదైందన్నాడు, తర్వాత పెద్దదైందన్నాడు. ఇప్పుడు పన్ను నవ్వాలట. పన్ను ఎలా నవ్వుతుందో నాకు అర్థం కాలేదు. నోరు గీశాను. అది చూసి పిల్లలు జడుసుకుంటున్నారు.

మీ నాన్న నోరు ఆగదని నాకు ముందే తెలుసు. సరే.

నువ్వు రెండు పనులు చెయ్యి. ఒకటి, ఆ పెద్దమనిషి దగ్గర నా ఊసెత్తకు. రెండు, ఇంకోసారి వెళ్ళి ఆయన చెప్పేదంతా జాగ్రత్తగా విను. ఆ మొహం గురించి ఏమంటాడో ఉన్నదున్నట్టు రాయి, నీ కవిత్వం కలపకు. కిటికీ పక్కనంటే, లోపలికి వెళ్తుంటే కుడిచేతి కిటికీయేనా? బొమ్మ పక్కన పరదా ఉండాలి, అది ఉందా? ఆయనకి పెళ్ళయిందా, ఇంట్లో ఎవరెవరున్నారు, ఒంట్లో ఎలా ఉన్నాడు?

కార్డు టర్పెంటైన్ డబ్బా కింద పెట్టాను. పెట్టెలోకి చేర్చే వస్తువు కాదది.

మీ అత్త

నవంబర్ 12

నా దొంగ అత్తా,

"ఊసెత్తకు" అంటూనే పెళ్ళయిందా, ఒంట్లో ఎలా ఉందీ అని అడుగుతావా! నాకు అన్నీ అర్థమయ్యాయిలే. నేనేం చిన్నపిల్లని కాదు.

కానీ ఒక పొరపాటు జరిగిపోయింది. నీ ఉత్తరం నిన్న చేరింది. అంతకుముందే నేను ఊసెత్తేశాను. మహల్ మెట్ల మీద ఆయన ఒక్కరే కూర్చుని ఉంటే పక్కన చేరి, "మాస్టారూ, ఆ అమ్మాయి మొహం మా అత్తయ్యలా ఉందండీ" అన్నాను. ముందు నవ్వారు. నీ పేరు చెప్పాను. చేతిలోంచి కర్ర జారి మెట్లమీద దొర్లుకుంటూ పోయింది. నేను పరిగెత్తి తెచ్చేసరికి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నారు.

"ఉందా?" అన్నారు.

"ఉండకేమండీ, రాయిలా ఉంది. బోర్డులు రాస్తుంది" అన్నాను.

"నా గురించి ఏమంటుంది?"

నాకేం చెప్పాలో తోచక, "ఏమీ అనదండీ. మనసులో ఏమీ పెట్టుకునే మనిషి కాదు. పెళ్ళి కూడా చేసుకోలేదు" అన్నాను. ఆయన కర్ర ఊతంగా లేచి, "మా ఇంటికి రామ్మా" అన్నారు.

భార్య పోయి చాలా కాలమైందట. ఒక్కతే కూతురు, పిల్లలకి పాఠాలు చెప్తుంది. ఎంత మంచిదో చెప్పలేను. జైలరమ్మ కథలు చెప్తే పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, అప్పటికప్పుడు నాతో వచ్చి సంచీ దింపించి వాళ్ళింట్లో పెట్టించింది. ఇప్పుడు నాకో గది, కిటికీ, తాళం లేని వేడినీళ్ళు. రోజూ ముగ్గురం కలిసి భోజనం చేస్తున్నాం. బస ఖర్చు తప్పిపోయింది కాబట్టి బురుజు కూడా దర్జాగా టిక్కెట్టు కొనుక్కుని ఎక్కాను. పైనుంచి ఏముందనుకున్నావు, ప్రహరీగోడ మీంచి కనిపించిందే ఉంది.

అడిగినవాటికి జవాబులు: అవును, కుడిచేతి కిటికీయే. పరదా ఉంది, సగమే. మిగతా సగం మీదే మొహం వచ్చింది. ఒంట్లో బాగానే ఉన్నారు, మోకాళ్ళే సహకరించట్లేదు. ఈ నెల ముప్పయ్యో తారీకున ఆయనకి పెద్ద సన్మానం. మహల్ ముందు ఖాళీస్థలంలో. పెద్దాఫీసరు వస్తున్నాడట. గోడని కాపాడిన మనిషని బిరుదేదో ఇస్తారు.

అత్తా, ఒక మాట. ఒక మనిషి మొహాన్ని గుర్తుపెట్టుకుని, కనుబొమ్మ మీద గాటు కూడా మర్చిపోకుండా గోడ మీద వేశాడంటే, ఏమనుకోవాలి? నువ్వే చెప్పు.

నీ పిడుగు

నవంబర్ 16

ఏమనుకోవాలో చెప్తాను, కూర్చుని చదువు.

మా ఇద్దరికీ పెళ్ళి కుదిరింది. అంతవరకూ నీ ఊహ నిజమే. ఆ మహల్లో నలుగురం పనిచేసేవాళ్ళం. గోడల మీద పేరుకున్న మసి తీసి, బొమ్మల్ని బాగుచేసే పని. నా చెయ్యి బాగుంటుందని కిటికీ పక్క గోడ నాకిచ్చారు. అక్కడ ఉండేది ఒక ముసలావిడ, పిడుగూ. అమ్మాయి కాదు. ముసలావిడ పరదా పక్కకి తీసి తొంగి చూస్తుంటుంది, చేతిలో అద్దం కాదు, పళ్ళెం. బుగ్గలు సొట్టలు పోయి, ఒక పెదవి కొంచెం వంకరగా, ఎవరినో తిట్టబోతున్నట్టు. ఆవిడంటే నాకు ప్రాణం. పరంజా మీద కూర్చుని ఆవిడతో మాట్లాడేదాన్ని.

అప్పటి ఆఫీసరు చూడ్డానికి వస్తున్నాడని ఈయనకి తొందర. దూది అయిపోయిందని నేను స్టోరుకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మసి తీసే మందు రెట్టింపు ఘాటుగా కలిపి, నా గోడకి పట్టించి, కడగడం మర్చిపోయి కిందికి దిగి ఎవరితోనో కబుర్లు చెప్తున్నాడు. నేను పరంజా ఎక్కేసరికి ముసలావిడ మొహం నీళ్ళలా కారుతోంది. నా చేతుల్తో పట్టుకున్నాను. చేతులకి అంటుకుంది.

ఆఫీసరు అడిగాడు. ఈయన, "ఆవిడే పూసింది, నేను వద్దంటూనే ఉన్నాను" అన్నాడు. తల దించుకుని అన్నాడనుకున్నావా? సూటిగా నా కళ్ళలోకి చూసి అన్నాడు. నా చేతులకే రంగు ఉంది మరి. ఎవరు నమ్మరు? పేపర్లో వేశారు. ఆ తర్వాత నన్ను ఏ గోడ దగ్గరికీ రానివ్వలేదు. మా నాన్న నాతో కలిసి భోజనానికి కూర్చోవడం మానేశాడు, పోయేదాకా కూర్చోలేదు. నేర్చుకున్న విద్యతో పళ్ళూ చెప్పులూ గీస్తూ బతుకుతున్నాను.

ఇప్పుడు అర్థమైందా? కాలిపోయిన పొర కింద బతికున్న మొహం ఏదీ లేదు. ఉన్న మొహం ఆయన చేతుల్లో పోయింది. ఆ ఖాళీని కప్పడానికి గుర్తున్న మొహం ఏదో ఒకటి తెచ్చి అతికించాడు. తన తప్పు మీద నా మొహం పూసి, దాన్ని కార్డులుగా అమ్ముకుంటున్నాడు. దీన్ని ప్రేమంటున్నావు నువ్వు.

ఈ ఉత్తరం చేరగానే ఆ ఇంట్లోంచి బయటికి నడు. జైలరమ్మ దగ్గరికి పో, బెంచీ మీద పడుకో, నాకనవసరం. ముప్పయ్యో తారీకున ఆ సభలో లేచి నిలబడి, అందరూ వినేలా అడుగు: "ఆ మందు కలిపింది ఎవరండీ?" అని. ఒక్క ప్రశ్న. అంతకన్నా ఏమీ అడగను నిన్ను జన్మలో.

అత్త

నవంబర్ 20

అత్తా,

నీ ఉత్తరం చదివి నిన్నంతా ఏమీ తినలేకపోయాను. నీ మాట నమ్మాను. నమ్మలేదని అనుకోకు.

కానీ ఆయన ఎదురుగా ఉన్నారు. నా వల్ల కాలేదు, వెళ్ళి అడిగేశాను. ఆయన ఏడ్చారు. "ఇద్దరం చిన్నవాళ్ళం, ఇద్దరిదీ కొంచెం కొంచెం పొరపాటు ఉంది, ఆ భయంలో ఏం మాట్లాడానో నాకే గుర్తులేదు" అన్నారు. ఇద్దరిదీ అన్నందుకు నాకు కోపమొచ్చింది. అయినా ముసలాయన, అత్తా. సన్మానం అయ్యాక మన ఊరు వచ్చి నీ ఎదుట నిలబడి క్షమించమని అడుగుతానన్నారు. ముందు కాదా అంటే, "ఇన్నేళ్ళు ఆగింది, ఇంకో పదిరోజులు ఆగకూడదా?" అన్నారు.

నేను సభలో లేవలేను. వాళ్ళమ్మాయి ముందువరసలో కూర్చుంటుంది. ఆ పిల్ల నాకు జ్వరమొస్తే తలకి తడిగుడ్డ వేసింది. ఆవిడకేమీ తెలియదు. నన్ను ఈ పనికి పంపకు.

ఒకటి మాత్రం ఆయనకి గట్టిగా చెప్పాను. "మా అత్తయ్య మనసు చాలా నొచ్చుకుంది. నలుగురిలో ఒక మంచి మాట అనండి, కరిగిపోతుంది" అని. సరేనన్నారు. చూస్తూ ఉండు, అంతా చక్కబడుతుంది.

వాళ్ళింట్లోంచి వచ్చేశాను, ఆ మాట మాత్రం విన్నాను. ఆ అమ్మాయికి రైలు టైము మారిందని అబద్ధం చెప్పాను. జైలరమ్మ నన్ను చూసి, "వచ్చావా" అని పైమంచమే ఇచ్చింది. ఇరవయ్యేడుకి ఇంట్లో ఉంటాను. నా మీద కోపం పెట్టుకోకు.

పిడుగు

నవంబర్ 25

పిడుగూ,

కొట్టు తాళం పక్క టైలరు దగ్గర ఉంది. ఈ చీటీ ఉత్తరమే అనుకో, గల్లాపెట్టె మీద పెట్టి వెళ్తున్నాను. నువ్వొచ్చే రైలూ నేనెక్కిన రైలూ దారిలో ఎక్కడో ఒకదాన్నొకటి దాటుకుంటాయి. కిటికీలోంచి చెయ్యూపు.

ఒక మంచి మాట అంటే కరిగిపోతానా? నేనేమన్నా వెన్నముద్దనా? నువ్వు పిల్లవి, నీ మీద కోపం లేదు. నీ చేత చేయించాలనుకోవడం నాదే తెలివితక్కువ. నా పని నేను చేసుకోవాలి.

పళ్ళ డాక్టరు వస్తే పన్ను నోరు మూయించానని చెప్పు. స్కూలు బోర్డు సగమైంది, సుద్ద పూసిన దారంతో గీతలు కొట్టి ఉంచాను. నువ్వు ముట్టుకోకు. నీ అక్షరాలు కోడి కెలికినట్టుంటాయి. కుంచెలు మాత్రం రోజూ కడుగు.

పాసింజర్లో వెళ్తున్నాను. నిలబడే చోటున్నా చాలు. దిగాక నీ జైలరమ్మ దగ్గరే ఉంటాను. ఖర్చు లేకుండా ఆ ఊరు ఎలా చూడాలో నీ ఉత్తరాల్లో అంతా రాసే ఉంది, దారి వెతుక్కోవక్కర్లేదు.

చీరల్లో ఆ ముదురు నీలం కట్టుకెళ్తున్నాను.

అత్త

డిసెంబర్ 1

పిడుగూ,

పని అయిపోయింది. వివరంగా చెప్తాను, ఇంకెవరి నోటనో వంకరగా వినకు.

ఊరు మారలేదు. సందుల్లో గుమ్మాలెక్కి దారివ్వడం అప్పుడూ ఉంది. మహల్ తలుపు మాత్రం కొత్త రంగేసి పాడుచేశారు. నేను లోపలికి వెళ్ళలేదు. టిక్కెట్టు కొని వెళ్ళడానికి కాళ్ళు రాలేదు.

సభకి ముందే వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. వేదిక వెనకాల పందిరంత గుడ్డ కట్టారు. దాని మీద నా మొహం! ఒక్కో కన్ను మన కొట్టు తలుపంత. రెండు జడలు తీసేసి కొప్పు పెట్టాడు. గాటు మాత్రం ఉంచాడు. నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత దాన్ని పీకి కింద పడేయాలనిపించింది.

ఆయన్ని పట్టుకుని ఎక్కించారు. ఆఫీసరు పొగిడాడు. తర్వాత ఈయన మైకు అందుకున్నాడు. మాట తేనె అన్నావు కదా, ఆ తేనె పారుతుండగా నన్ను చూశాడు. గుర్తుపట్టాడు. క్షణం తడబడ్డాడు. ఇక ఆపేస్తాడనుకున్నాను. ఆపలేదు, పిడుగూ. గొంతు ఇంకొంచెం మెత్తగా చేసి అన్నాడు: "ఆనాడు ఈ గోడ దగ్గర ఒక అమ్మాయి పొరపాటు చేసింది. ఆవిడ ఇవాళ ఇక్కడికి వచ్చారు. అందరి ముందూ చెప్తున్నాను, ఆవిడ మీద నాకు ఏనాడూ కోపం లేదు. ఆవిడని నేను ఎప్పుడో క్షమించేశాను."

నన్ను. క్షమించేశాడట.

జనం చప్పట్లు కొట్టారు. ఇదేనేమో నువ్వు చెప్పించిన మంచి మాట.

నేను లేచి నడిచాను. దణ్ణం పెట్టడానికి వస్తున్నాననుకుని అందరూ దారిచ్చారు. ఒకావిడ నా భుజం నిమిరింది కూడా. వేదికెక్కి ఆ గుడ్డ పక్కన, నా మొహం పక్కన నిలబడ్డాను. జుట్టు వెనక్కి లాగి, కనుబొమ్మ కనిపించేలా తల తిప్పాను. మైకు అవసరం లేదు నాకు, నా గొంతు నీకు తెలుసు కదా.

"పరంజా మీంచి పడి నాకీ గాటు పడింది. వందల ఏళ్ళనాటి బొమ్మకి ఎలా వచ్చింది మాస్టారూ?" అన్నాను.

చప్పట్లు కొట్టినవాళ్ళు గుడ్డకేసి చూశారు, నాకేసి చూశారు. ఆఫీసరు కుర్చీలోంచి ముందుకు వంగాడు. అంత ముసలి గోడ మీద కొత్త మొహం గీసి పాతదని చెప్పడమంటే వాళ్ళ దృష్టిలో ఎంత నేరమో నాకు తెలుసు. ఈయనకీ తెలుసు.

"కింద బతికున్న మొహాన్ని తీశానన్నావు. ఎవరి మొహం తీశావు? ముసలావిడేది?" అన్నాను.

"నీ మీద ప్రేమతోనే వేశాను" అన్నాడు మెల్లిగా. మైకు పట్టుకున్న సంగతి మర్చిపోయాడు. ఆ మాట అందరికీ వినపడింది.

"మందు కలిపింది ఎవరు?"

అప్పుడు ముందువరసలోంచి వాళ్ళమ్మాయి లేచింది. "నాన్నా, ఎవరు కలిపారు?" అంది. నేనడిగితే నోరు విప్పనివాడు, ఆ పిల్ల మొహం చూసి, "నేనేనమ్మా. నేనే" అన్నాడు.

ఆఫీసరు ఇవ్వబోయిన జ్ఞాపికని బల్ల మీద బోర్లించాడు. నేను దిగి వచ్చేశాను. సందులో బన్ను కొనుక్కుని తిన్నాను. అంత రుచిగా ఏదీ తిన్నట్టు గుర్తులేదు. ఒళ్ళెరక్కుండా నిద్రపోయాను.

మీ అత్త

డిసెంబర్ 5

అత్తా,

నిజంగా బాగుందా నీకు? బన్ను రుచిగా ఉందా?

ఆ అమ్మాయి నాకు ఉత్తరం రాసింది. ఎక్కువేం లేదు. "నువ్వు మా ఇంట్లో ఉండగానే నీకు తెలిసింది. నాకు ఒక్క మాట చెప్పి ఉంటే మా నాన్న చేత నేనే చెప్పించేదాన్ని. ఇక నాకు రాయకు" అంది. క్లాసులో పిల్లలు ఏవో అంటున్నారట, సెలవు పెట్టింది.

ఆయన్ని వదిలిపెట్టమని నేను అనను. క్షమించానన్న మాట చదివి నాకే పళ్ళు కొరకాలనిపించింది. ఆయన నోట్లో మంచి మాట పెట్టబోయింది నేను, అది ఇలా బయటికి వచ్చింది. కానీ నాలుగు గోడల మధ్య ఆ పిల్లని కూర్చోబెట్టి చెప్పి ఉండొచ్చు కదా? నీకు జరిగిందే ఆవిడకీ జరిగింది. తన తప్పు ఏమీ లేకుండా నలుగురిలో తలవంచుకుంది.

పళ్ళ డాక్టరు బోర్డు తీసుకెళ్ళాడు. బాగుందన్నాడు. స్కూలు బోర్డు నేనే పూర్తి చేశాను, ఒక ఒత్తు మర్చిపోయాను. హెడ్మాస్టరు వచ్చి అరిచి వెళ్ళాడు. ఎప్పుడొస్తావు?

పిడుగు

డిసెంబర్ 15

పిడుగూ,

ఆ అమ్మాయి విషయంలో నా దగ్గర జవాబు లేదు. ఉన్నట్టు నటించను. వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు తీసింది, నన్ను చూసింది, వేసేసింది. వెయ్యాల్సిందే. ఆ తలుపు ముందు నిలబడి ఉండగా నువ్వన్నమాటే తలలో తిరిగింది. కానీ నాలుగు గోడల మధ్య అంటావా, నన్ను దోషిని చేసింది నాలుగు గోడల మధ్య కాదు. మళ్ళీ ఆ రోజొచ్చినా అదే వేదికెక్కుతాను. నీకు నచ్చకపోతే నచ్చకపోనీ.

ఆఫీసరు కబురుపెట్టాడు. గోడని పరీక్షించారట, పైరంగు కొత్తదేనని తేలిందట. పాత కాగితాలు దిద్ది, నా మీద మచ్చ కొట్టేశామన్నాడు. గోడ మీద మొహం తీసేయాలి, మీకు అభ్యంతరం లేకపోతే మీరే తీయండి అన్నాడు. అభ్యంతరమా!

పరంజా ఎక్కడానికి ఇద్దరు చెయ్యందించాల్సి వచ్చింది. దూది, మందు, నీళ్ళు. నా కళ్ళు, నా ముక్కు, నా కనుబొమ్మ ఒక్కొక్కటే దూదికెక్కాయి. ముసలావిడ ఏ మూలైనా మిగిలి ఉంటుందేమోనని పిచ్చి ఆశ. పెదవి వంకరైనా కనపడుతుందనుకున్నా. లేదు. కింద ఉత్త సున్నం. అప్పుడు మాత్రం ఏడ్చాను. సభలో ఏడవలేదు, అక్కడ ఏడ్చాను.

కింద కర్ర చప్పుడైంది. ఆయన. ఎంతసేపటినుంచి నిలబడ్డాడో.

"ఇప్పుడు తీరిందా?" అన్నాడు.

"లేదు" అన్నాను.

"ఏం చేస్తే తీరుతుంది? బిరుదు, పేరు, కూతురు, అన్నీ పోయాయి. నా కూతురు నాతో మాట్లాడటం లేదు."

మా నాన్న గుర్తొచ్చాడు. ఆ మాట ఆయనకి చెప్పలేదు. చెప్తే ఇద్దరం ఒకటే అనుకుంటాడు.

ఆఫీసరు అక్కడే ఉన్నాడు. ఆ ఖాళీలో మీరే ఏదైనా గీయండి, మీ చెయ్యి పోలేదు అన్నాడు. వద్దన్నాను. ఖాళీ ఖాళీగానే ఉండాలన్నాను. ఈయనకేసి తిరిగి చెప్పాను, "ఆదివారం వచ్చినవాళ్ళకి బొమ్మల గురించి చెప్పడం మానేశావట. మానకూడదు. కర్ర పట్టుకుని రా. అందరికీ అన్నీ చెప్పు, ఇక్కడికి వచ్చి ఆగు. ఇదేమిటని అడుగుతారు. నువ్వే చెప్పాలి." ఆఫీసరుకీ ఆ మాట నచ్చింది. ఈయన కాదనలేకపోయాడు. ఇంట్లో కూర్చుంటే మాట్లాడే మనిషి కూడా లేడు మరి.

ఇవాళ మొదటి ఆదివారం. జనంలో నేనూ నిలబడ్డాను. నన్ను చూశాడు. అన్ని గోడల దగ్గరా మామూలుగానే చెప్పాడు, కిటికీ దగ్గరికి వచ్చేసరికి ఆగి కర్రని రెండు చేతుల్తో పట్టుకున్నాడు. ఒకాయన, "ఇక్కడేమైందండీ, తెల్లగా ఉంది?" అన్నాడు.

"నేను పాడుచేశాను" అన్నాడు. "చేసి, నాతో పనిచేసే ఒక అమ్మాయి మీద పెట్టాను."

అంతటితో ముందుకి జరగబోయాడు. చంకలో పిల్లనెత్తుకున్న ఒకావిడ వదల్లేదు. "ఆ అమ్మాయి పేరేమిటండీ?" అంది.

నా వైపు చూడలేదు. గోడకేసి చూస్తూ నా పేరు చెప్పాడు, ఇంటిపేరుతో సహా. వినపడలేదని వెనకనుంచి ఎవరో అన్నారు. మళ్ళీ చెప్పాడు, గట్టిగా.

జైలరమ్మతో మాట్లాడాను. పైమంచం నాదే, వేడినీళ్ళ తాళంచెవి కూడా నా చేతికే ఇచ్చింది. కొట్టు కొన్నాళ్ళు నువ్వే చూసుకో, ఒత్తులు మర్చిపోకు. ఇంకా కొన్ని ఆదివారాలు ఉండి వస్తాను.

మీ అత్త